పేదోడి కథను ఎలా చదవాలి?

పాలంపేట గుడిని 1213లో కట్టించింది కాకతీయ సేనాని రేచర్ల రుద్రుడు. జనం నోట నిలిచింది మాత్రం రామప్ప పేరు. అది శిల్పి పేరని చెబుతారు. 2021లో వచ్చిన యునెస్కో గుర్తింపులో కూడా ఆ పేరు ఉంది. పనివాడికి ఇంత గుర్తింపు దక్కడం అరుదు. అయితే ఆ రాళ్లు మోసిన కూలీలు ఏం తిన్నారో, కూలి ఎగ్గొడితే ఎవరితో మొరపెట్టుకున్నారో మనకు తెలియదు. అలాంటి మనుషుల గురించి చెప్పే పని చాలా ఆలస్యంగా కథలు, నవలలు ఎత్తుకున్నాయి.

తెలంగాణలో ముందుగా చెప్పుకోవాల్సిన పేరు వట్టికోట ఆళ్వారుస్వామి (1915-1961). ఇళ్లలో వంట చేశాడు, హోటల్లో సర్వర్‌గా పని చేశాడు, ఆ తర్వాత దేశోద్ధారక గ్రంథమాల పెట్టి పుస్తకాలు అచ్చేశాడు. నిజాం కాలంలో జైలుకెళ్లాడు. ‘జైలు లోపల’ కథల్లో ఆయన తన గొప్ప చెప్పుకోలేదు, పక్కనున్న మామూలు ఖైదీల గురించి రాశాడు. ఫలానా మనిషి నేరం దాకా ఎలా వచ్చాడన్నదే ఆయనకు ముఖ్యం. ‘ప్రజల మనిషి’ నవలకున్న పేరు ఈ కథలకు రాలేదు గానీ, నన్నడిగితే ముందు ఇవే చదవాలి.

విశాఖలో వకీలుగా పనిచేసిన రావిశాస్త్రి ‘ఆరు సారా కథలు’ది ఇంకో దారి. మద్యనిషేధం రోజుల్లో దొంగసారా, పోలీసులు, కోర్టులు, వాటి మధ్య నలిగే మనుషులు అందులో ఉంటారు. ఆ ప్రాంతపు యాస మొదట్లో కొంచెం అడ్డు తగులుతుంది. పైకి చదివితే తొందరగా దారికొస్తుంది.

“తాగుడు హరామ్ కదా, ఇలాంటివి పిల్లలకెందుకు?” అని మన ఇళ్లలో పెద్దలు అడుగుతారు. అడగాల్సిన ప్రశ్నే. ప్రేమ్‌చంద్ ‘కఫన్’ చూడండి. 1935లో ముందు ఉర్దూలోనే, ‘జామియా’ పత్రికలో వచ్చింది. ప్రసవంలో చనిపోయిన కోడలి కఫన్ కోసం అడిగి తెచ్చిన డబ్బుతో మామ, మొగుడు కలిసి తాగేస్తారు. కఫన్ అనే మాట బరువు మనకు వేరే చెప్పనక్కర్లేదు. చదువుతుంటే కోపం వస్తుంది, రావాలి కూడా. కానీ రాత్రింబవళ్లు కష్టపడే రైతు బతుకు కూడా వీళ్లకంటే పెద్దగా మెరుగ్గా లేదని ప్రేమ్‌చంద్ గుర్తుచేస్తాడు. అక్కడ తాగుడును మెచ్చుకోవడమేమీ లేదు. మంటోను అశ్లీలత పేరుతో ఆరుసార్లు కోర్టుకు లాగారు. ఆయన కథలు పెద్దలకే. పిల్లల చేతికి ఇవ్వొద్దు.

మనవాళ్ల గురించి మనవాళ్లే తెలుగులో రాసినవీ ఉన్నాయి. స్కైబాబ సంపాదకత్వంలో 2004లో వచ్చిన ‘వతన్’లో ముస్లిం కథలు ఒకేచోట దొరుకుతాయి. ఖదీర్ బాబు ‘దర్గామిట్ట కతలు’లో నెల్లూరు పిల్లాడి గొంతు నవ్విస్తూనే ఇంట్లోని లేమిని చూపిస్తుంది. వేంపల్లె షరీఫ్ ‘జుమ్మా’కు 2012లో సాహిత్య అకాడమీ యువ పురస్కారం వచ్చింది. ఉర్దూ చదవడం రాని మన పిల్లలకు ఇవి బాగా పనికొస్తాయి.

చదివేటప్పుడు జాలి కోసం వెతకొద్దు. జేబులో ఎంతుంది, అప్పు ఎవరికివ్వాలి, పొయ్యిమీద ఏముంది అన్నవి కథకుడికి తెలుసా లేదా చూడండి. పేదోడిని అచ్చం ఫరిష్తాలా చూపిస్తే అనుమానించండి. అతనికీ అబద్ధాలుంటాయి, అసూయ ఉంటుంది, పెళ్లాం మీద అరుపులుంటాయి. అతని నోట పెట్టిన మాట ఖానాపూర్తికి రాసిన పుస్తక భాషలా ఉంటే రచయిత ఆ గల్లీలో తిరగలేదన్నమాటే.

ఇంట్లో మొదలుపెట్టాలంటే ‘దర్గామిట్ట కతలు’ నుంచి రోజుకొకటి పైకి చదవండి. ‘జైలు లోపల’, ‘కఫన్’ కాలేజీకెళ్లే పిల్లలకు. ‘కఫన్’ చదివిన రోజు అబ్బా, అమ్మీ కూడా పక్కన కూర్చోవాలి. ఆ చనిపోయిన కోడలి గురించి ఊళ్లో ఎవరూ ముందే ఎందుకు పట్టించుకోలేదని పిల్లలు తప్పకుండా అడుగుతారు.