సంవేదనలో బాధ ఎక్కడిది?
రిమోట్ సెన్సింగ్‌ని ‘దూరసంవేదన’ అంటే, ముత్తంగిలో మా మేనల్లుడు ‘దూరం నుంచి బాధపడటమా మామా?’ అని అడిగాడు. వేదన మనకిప్పుడు నొప్పే మరి. కానీ మూలం సంస్కృత ‘విద్’, అంటే తెలుసుకోవడం; వేదం, విద్య, విద్వాంసుడు, నివేదిక అన్నీ ఆ ఇంటివే. తెలియడం అనుభవించడమై, చివరికి బాధగా ఇరుకైపోయింది. ‘సర్వే’ కూడా లాటిన్ ‘విదేరె’ (చూడటం) ద్వారా దూరపు చుట్టమే! 1974లో హైదరాబాద్‌లో ఏర్పడ్డ జాతీయ రిమోట్ సెన్సింగ్ సంస్థ ఎన్‌ఆర్‌ఎస్‌ఏ, నేటి ఎన్‌ఆర్‌ఎస్‌సీ, విమానాల్లో కెమెరాలు బిగించి చేస్తూ వచ్చింది ఈ పాత అర్థపు సంవేదనే. పటాన్‌చెరు పక్కన నక్కవాగు మీద ఎగిరే విమానంలో థర్మల్ స్కానర్ ఉంటే, అది నీటిని తాకకుండానే పైపొర వేడిని కొలుస్తుంది. వెచ్చని వ్యర్థజలం ఎక్కడ కలుస్తోందో పటంలో రంగు తేడాగా తేలుతుంది. రిమోట్ సెన్సింగ్‌కి మరో మాటైన ‘సుదూర గ్రహణం’ కన్నా నాకు సంవేదనే ఇష్టం. గ్రహణమంటే సూర్యచంద్రులే గుర్తొస్తారు.