ఓడెక్కిన జీడిపప్పు

మంట దగ్గరకి జరగండర్రా, చలిగాలి మొదలైంది. మీలో ఒకడు ఎక్స్‌పోర్ట్ వ్యాపారం పెడతానంటున్నాడట కదా. నేను చేసిన పనీ అదే. ఆ ముచ్చట చెబుతాను, వినండి.

1980లో ఇక్కడ గీతం కాలేజీ పెట్టేనాటికి రుషికొండంటే జాలర్ల పల్లె, తాటిచెట్లు, సరుగుడు తోపులే. భీమిలి వైపు ఎర్రమట్టి నేలల్లో జీడిచెట్లుండేవి. ఇసక కొట్టుకుపోకుండా పట్టి ఉంచుతుందని మన తీరం పొడుగునా జీడి వేశారు. మార్చి దాటితే పళ్లు రాలి గాలంతా పులిసిన వాసన. నా చిన్నప్పుడు గుంటలం పండు రసం పీల్చేసి పిక్కని జేబులో దాచేవాళ్లం. ఆ మరక చొక్కాకి పడిందా, మరి పోదు. ఇంట్లో దెబ్బలు ఖాయం. షావుకారి కొట్లో పోసిన పిక్కలు పప్పు తీయడానికి పలాస వెళ్లేవి.

ఆ పలాసే మీ మామ్మ పుట్టిల్లు. నేనేమో పోర్టులో ఒక క్లియరింగ్ ఏజెంటు దగ్గర గుమస్తాని. 1976లో ఔటర్ హార్బర్ వచ్చాక పెద్ద పెద్ద ఓడలు లోపలికొచ్చి ఇనపరాయి జపాను పట్టుకెళ్లేవి. షిప్పింగ్ బిల్లు, ఇన్‌వాయిసు, బిల్ ఆఫ్ లేడింగ్, ఈ కాయితాలన్నీ అక్కడే చేతికి అలవాటయ్యాయి. ఇనపరాయిని టన్నుల్లో పంపుతుంటే నాకు ఒకటే ఆలోచన. మా అత్తోరి ఊళ్లో పౌన్ల లెక్కన అమ్ముడయ్యే సరుకుంది. కొనేవాడు సముద్రం అవతల ఉన్నాడు. మధ్యలో ఉన్నవి ఈ కాయితాలే కదా!

పౌను జీడిపప్పు వెనక ఎంత చాకిరీ ఉందో పలాసలో కూర్చుని చూస్తే గాని తెలీదు. పిక్కలు ఎండబెట్టాలి, ఆవిరి పట్టాలి, ఆరబెట్టాలి. తరవాత ఒక్కో పిక్కనీ కాలితో తొక్కే మిషన్ కింద పెట్టి చీల్చాలి. చీలిస్తే నూనె చిమ్ముతుంది. ఆ జీడి నూనె తగిలితే చర్మం పొక్కి ఊడిపోతుంది. ఆడోళ్లు చేతులకి బుగ్గి రాసుకునో, ఆముదం రాసుకునో పొద్దు గూకేదాకా కొట్టేవారు. పప్పు తీసి బోర్మా అనే పొయ్యి గదిలో వేడికి ఆరనిచ్చి, చిన్న కత్తితో పొట్టు గీకి, అప్పుడు గ్రేడింగు. 80 కిలోల బస్తా పిక్కలు కొడితే 22, 23 కిలోల పప్పు దిగితే మంచి పిక్కని లెక్క. చిన్నది, పుచ్చింది, నలిగింది పోగా మిగిలే నిండు పప్పే గుళ్లు. వాటికే ధర.

ఆ గుళ్లలో మళ్లీ తేడాలు. పౌనుకి 220 నుంచి 240 తూగితే 240 నంబరు. 300 నుంచి 320 తూగితే 320 నంబరు. ప్రపంచంలో ఎక్కువ అమ్ముడయ్యేది ఈ 320యే. మీ మామ్మ పిన్ని ఒకావిడ గ్రేడింగ్ బల్ల దగ్గర పెద్ద. చదువు లేదు. పప్పు అరచేతిలో పడితే చాలు, కాటా చూడకుండానే నంబరు చెప్పేది. సరిచూద్దామని నేను తూచి లెక్కపెడితే ఆవిడ మాటే నిలిచేది. నా వ్యాపారానికి అసలు పెట్టుబడి ఆవిడ చూపే అని నేను ఇప్పటికీ నమ్ముతాను.

మరి పంపడం ఎలాగ? 25 పౌన్ల డబ్బా. అందులో పప్పు పోసి, గాలి లాగేసి, బొగ్గుపులుసు గ్యాసు పట్టి సీలు వెయ్యాలి. పురుగు బతకదు, పప్పు ముక్కిపోదు. రెండు డబ్బాలు ఒక పెట్టె. పప్పులో తేమ నూటికి 5 పాళ్లు దాటకూడదు. 1963 చట్టం ప్రకారం ఎగుమతి సరుక్కి తనిఖీ ఉండేది, ఆ సర్టిఫికెట్టు లేందే కస్టమ్స్ దాటదు. విశాఖలో కంటైనర్ టెర్మినల్ 2003లో గాని రాలేదు. అంచేత మా పెట్టెలు లారీలో మద్రాసెళ్లి అక్కడ ఓడెక్కేవి. అవతల వాడి బ్యాంకు నుంచి ఎల్‌సీ, అంటే డబ్బుకి హామీ కాయితం, వచ్చాకే సరుకు కదిపేవాణ్ణి. ఎల్‌సీలో రాసిందానికీ మన కాయితంలో ఉన్నదానికీ ఒక్క అక్షరం తేడా వస్తే డబ్బు ఆగిపోతుంది. సరుక్కి ఓడ ఇన్సూరెన్సు, కొన్నవాడు ఎగ్గొడితే ఆదుకోడానికి ఈసీజీసీ పాలసీ, రెండూ కట్టేవాణ్ణి. ఈ ఖర్చుకి ఏనాడూ వెనకాడలేదు.

ఆ రోజుల్లో మన జీడిపప్పుకి పెద్ద గిరాకీ సోవియట్ రష్యా. లెక్క రూపాయల్లోనే. 1991లో ఆ దేశం ముక్కలయ్యాక వ్యాపారులంతా అమెరికా, గల్ఫు వైపు తిరిగారు. అప్పుడే ఒక దళారీ వచ్చి, పాత సీజను పప్పు అడుగున పోసి పైన కొత్తది సర్దమన్నాడు. డబ్బా సీలు ఎవడు విప్పి చూస్తాడన్నాడు. నేను నోరు తెరిచేలోపే పిన్ని లేచింది. "శాంపిలు నా చేత్తో ఏరి పంపాను. డబ్బాలోనూ నేను ఏరిందే ఉంటాది" అంది. అతను మరి మా గడప తొక్కలేదు. మా 320 కొన్నవాళ్లు మళ్లీ మళ్లీ అడిగారంటే ఆ మాట వల్లే.

తరవాత్తరవాత మన పిక్క చాలక ఆఫ్రికా పిక్క వచ్చింది. ఐవరీ కోస్టు, బెనిన్, టాంజానియా. ఒకసారి పశ్చిమాఫ్రికా నుంచి పిక్కల వ్యాపారి ఒకాయన వచ్చాడు. బేరం మొదలెట్టకముందే సంచిలోంచి కోలా కాయ తీసి, విరిచి అందరికీ పంచాడు. నమిలితే చేదు. వాళ్లలో చుట్టానికి కోలా ఇవ్వడం మన తాంబూలం లాంటి మర్యాదట. ఆ కాయని ఆకుల్లో చుట్టి తడి ఆరకుండా దూరదేశాలకి పంపుతారని చెప్పాడు. మన పప్పులో తేమ ఉంటే చెడుతుంది, వాళ్ల కాయలో తేమ పోతే చెడుతుంది. రెండూ సముద్రాలు దాటే సరుకులే. ఆ సాయంత్రం ధర సంగతి పక్కనబెట్టి సరుకు కాపాడ్డం గురించే మాట్లాడుకున్నాం. అంత హాయిగా సాగిన బేరం నాకు ఇంకోటి గుర్తులేదు.

2006లో పప్పు ఎగుమతిలో వియత్నాం మనల్ని దాటేసింది. ఆ తరవాత వాళ్లు మిషన్లతో కొట్టసాగారు. ఇటు మన దేశంలోనే తినేవాళ్లు పెరిగారు. పలాస సరుకు ఉత్తరాదికి లారీల్లో పోవడం ఎక్కువైంది. నేనూ మెల్లిగా డబ్బాలు మానేశాను. 2014లో హుద్‌హుద్ తుపాను మన విశాఖని ఊడ్చేసింది. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను పలాస మీద, చుట్టూ ఉన్న ఉద్దానం పల్లెల మీద పడింది. తాతలనాటి జీడిచెట్లు వేళ్లతో సహా లేచిపోయాయి. చెట్టు మళ్లీ వేస్తే కాపుకి మూడు నాలుగేళ్లు. ఆ మూడు నాలుగేళ్లు రైతు ఏం తినాలి, కొట్టే ఆడోళ్లు ఏం తినాలి? ఎగుమతి లెక్కల్లో ఈ ప్రశ్నకి గడి లేదు. నాకు బాధ కలిగేది అక్కడే.

అందుకే ఒరే, నీకు చెబుతున్నాను. ఎక్స్‌పోర్ట్ కోడు ఇప్పుడు ఇంట్లో కూర్చుని కంప్యూటర్లో తీసుకోవచ్చు, దానికి తొందరేటి? ముందు పలాస వెళ్లు. వచ్చే సీజనంతా గ్రేడింగ్ బల్ల దగ్గర కూర్చో. కిలో పప్పు ఒలిస్తే కూలెంత ఇస్తున్నారో, చేతులకి గ్లౌజులు ఎవరు కొనిస్తున్నారో అడిగి కాయితం మీద రాసుకుని రా. ఆ కూలి మంచిగా వేసుకున్నాక పౌనుకి ఎంత పడుతుందో ఇద్దరం కూర్చుని లెక్క కడదాం. ఆ ధరకి కొనేవాణ్ణి అప్పుడు వెతుకుదాం.