ట్రాము వస్తే సూది ఊరు మారింది: కొలాబా నుంచి తార్నాక దాకా



తార్నాకలో మెట్రో ఎక్కి ఉప్పల్ వైపు పోతే, హబ్సిగూడ దాటగానే వచ్చే స్టేషన్ పేరు ఎన్‌జీఆర్‌ఐ. ఓయూ హాస్టళ్ళలో ఉండే మనకు ఆ పేరు రోజూ వినబడేదే. 1961లో పెట్టిన ఆ సంస్థ ఆవరణలో 1964 నుంచి భూమి అయస్కాంత క్షేత్రాన్ని కొలుస్తూ వస్తున్నారు. ఆ కొలత ఎందుకో, దాన్ని కాపాడుకోవడానికి ఏం చేశారో మనం తెలుసుకోవాలి.

భూమి ఒక పెద్ద అయస్కాంతం. హైదరాబాద్‌లో దాని బలం 40 వేల నానోటెస్లాలకు కాస్త పైన. ఫ్రిజ్‌కి అంటించే అయస్కాంతంలో వందో వంతు కూడా ఉండదు. అయినా ల్యాబ్‌లో ఎలక్ట్రాన్ల పుంజాన్ని పక్కకు వంచడానికి అది చాలు. అందుకే కరెంటు దిశ మార్చి రెండుసార్లు రీడింగ్ తీసి సగటు కడతాం. ఇంకా కచ్చితంగా కావాలంటే, ఎదురెదురుగా రెండు హెల్మ్‌హోల్ట్జ్ తీగచుట్టలు పెట్టి, భూమి క్షేత్రానికి వ్యతిరేక దిశలో అంతే బలం పుట్టిస్తారు. మధ్యలో రెండూ చెల్లుకుచెల్లు. మరీ సున్నితమైన పరికరమైతే నికెల్, ఇనుము కలిసిన మ్యూమెటల్ పెట్టెలో దాచేస్తారు.

అయితే దేన్నైనా తీసేయాలంటే ముందు అది ఎంతుందో తెలియాలి. పైగా భూమి క్షేత్రం నిలకడగా ఉండదు. ఎండ ప్రభావంతో పై వాతావరణంలో పారే కరెంటు వల్ల ఒక్క రోజులోనే పదుల నానోటెస్లాలు మారుతుంది. సౌర తుపాను వస్తే వందల్లో ఊగుతుంది. అడవుల మీద హెలికాప్టర్‌తో ఖనిజాల సర్వే చేసేటప్పుడు కూడా నేల మీద ఒక మీటరు పెట్టి ఈ మార్పును లెక్కలోంచి తీసేస్తారు. చివరకు మిగిలేదే రాళ్ళ సంగతి. మన గుట్టల కింద ఏముందో చెప్పే మ్యాపుల వెనక ఈ లెక్క ఉంది.

భూమిని కొలిచే సూదికి నగరమే శత్రువు. బొంబాయి కొలాబాలో 1841 నుంచి ఈ కొలతలు తీశారు. 1859 సెప్టెంబరులో వచ్చిన మహా సౌర తుపాను అక్కడ నమోదైంది, శాస్త్రవేత్తలు ఆ రికార్డును ఇప్పటికీ వాడుతున్నారు. తర్వాత నగరానికి కరెంటు ట్రాములు వస్తాయని తేలింది. ట్రాము కరెంటు సూదిని కదిలిస్తుంది. అప్పుడు డైరెక్టర్‌గా ఉన్న ఎన్.ఏ.ఎఫ్. మూస్ ఆధ్వర్యంలో సముద్రం అవతల అలీబాగ్‌లో, అయస్కాంత గుణం లేని రాయితో కొత్త గదులు కట్టారు. 1904లో అక్కడ కొలత మొదలైంది. కానీ కొలాబాను వెంటనే మూసెయ్యలేదు. 1906 దాకా రెండు చోట్లా ఒకేసారి కొలిచి, పాత లెక్కకీ కొత్త లెక్కకీ తేడా ఎంతో తేల్చుకున్నారు. 1907లో ట్రాములు నడిచాయి. అరవై ఏళ్ళ రికార్డు మాత్రం తెగలేదు.

మన తార్నాక వైపు కూడా ఇదే కథ. ఊరు పెరిగింది, ట్రాఫిక్ పెరిగింది, 2017 నవంబరులో మెట్రో నడిచింది. ఎన్‌జీఆర్‌ఐ వాళ్ళు అంతకుముందే విజయవాడ హైవే మీద చౌటుప్పల్ దగ్గర, రద్దీకి దూరంగా, కొత్త అబ్జర్వేటరీ సిద్ధం చేసుకున్నారు.

ఇప్పుడు మన సంగతికి వద్దాం. ఒక సూదిని కదిలించడానికి రెండేళ్ళు పాతదాన్నీ కొత్తదాన్నీ పక్కపక్కన పెట్టి చూశారు. మరి పోలవరం ముంపులో కోయ, కొండరెడ్డి ఊళ్ళను కదిలించేటప్పుడు అక్కడి వాగుల పేర్లు, గుట్టల పేర్లు, దేవతల చోట్లు, ఏ చెట్టు ఏ జబ్బుకు పనికొస్తుందనే ఎరుక ఏ రిజిస్టర్‌లో రాశారు? కాలనీలో ఇల్లు ఇవ్వొచ్చు, తెగిన రికార్డును మాత్రం తర్వాత ఎవరూ అతకలేరు.

కాబట్టి ముంపు ఊళ్ళ తమ్ముళ్ళు, చెల్లెళ్ళు ఈ సెలవుల్లో ఇంటికి పోయినప్పుడు ఒక నోట్‌బుక్ పట్టుకెళ్ళండి. పాత ఊరు తెలిసిన పెద్దలు ఉండగానే వాళ్ళను కూర్చోబెట్టి, మన భాషలోనే పేరు పేరునా రాసుకోండి. కొత్త చోట ఏం మారిందో పక్క పేజీలో రాయండి. మూస్ చేసింది కూడా అదే.