మూడో డిస్కు

మా నాన్న దగ్గర 'మాయాబజార్' వీసీడీ ఉంది. మూడు డిస్కులు. సినిమా మూడు గంటల పైచిలుకు, ఒక్కో డిస్కులో పట్టేది 74 నిమిషాలు. అందుకే మా ఇంట్లో ఆ సినిమాకి రెండు ఇంటర్వెల్స్. మూడో డిస్కు మీద గీత పడి ఒకచోట బొమ్మ గళ్ళుగళ్ళుగా విడిపోయేది. నాన్న రిమోట్ నొక్కి ముందుకి జరిపేవారు. ఆ సీన్ నేను సరిగ్గా చూసింది 2010లో, రంగులద్ది థియేటర్లకి వదిలినప్పుడే.

వీసీడీ 1993లో వచ్చింది. మన టీవీలకి తగ్గట్టు 352×288 పిక్సెళ్ళు, అంటే వీహెచ్ఎస్ టేపుకి అటూ ఇటూ. అమెరికా దాన్ని పెద్దగా పట్టించుకోలేదు గానీ చైనాలో, ఆగ్నేయాసియాలో, మన దగ్గర బాగా పాకింది. ప్లేయర్ చవక. టేపులా తేమకి బూజు పట్టదు. పైగా తాళం లేదు. పైరసీ వీధివీధికీ చేరిందీ ఆ తాళం లేకపోవడం వల్లే.

1996లో జపాన్‌లో డీవీడీ అమ్మకాలు మొదలయ్యాయి. బొమ్మ బాగుపడింది, సబ్‌టైటిల్స్ వచ్చాయి. వాటితో పాటు రెండు తాళాలూ వచ్చాయి: ఎన్‌క్రిప్షన్, రీజియన్ కోడ్. అమెరికాది 1, మనది 5. మామయ్య అక్కణ్ణుంచి ఎంతో ప్రేమగా తెచ్చిన హాలీవుడ్ డీవీడీ మా ప్లేయర్‌లో ఆడనే లేదు. డిస్కు చేతిలో ఉంది, సినిమా లేదు. డిస్కు అంటే సొంతం, డౌన్‌లోడ్ అంటే అద్దె అని తేలిగ్గా అనేస్తుంటాం. కొన్నవాడి వస్తువు మీద అమ్మినవాడి అజమాయిషీ డిస్కులోనే మొదలైంది. డౌన్‌లోడ్ వచ్చి ఆ పని పూర్తి చేసింది.

2007లో మోజర్ బేర్ వీసీడీని 28 రూపాయలకి, డీవీడీని 34 రూపాయలకి అమ్మడం మొదలెట్టింది. నేనప్పుడు ఇంజినీరింగ్‌లో ఉన్నాను. దొంగ డిస్కు కొనే డబ్బులతో అసలుది కొనుక్కోవడం ఒక చిన్న గర్వం. ఆ కంపెనీని మూసి ఆస్తులు అమ్మేయమని 2018లో ట్రైబ్యునల్ ఆదేశించింది. నా డిస్కులు మాత్రం ఇంకా ఆడుతున్నాయి.

ఇంకోవైపు చూడండి. జర్మనీ, ఆస్ట్రియాల్లో ప్లేస్టేషన్ స్టోర్‌లో జనం డబ్బు పెట్టి కొనుక్కున్న స్టూడియోకెనాల్ సినిమాలు ఆగస్టు 31 నుంచి వాళ్ళ లైబ్రరీల్లో ఉండవని 2022లో సోనీ ప్రకటించింది. స్టోర్ బతికే ఉంది, ఒప్పందం ముగిసిందంతే. ఇస్తున్నది లైసెన్స్ మాత్రమే అయితే ఆ సంగతి స్పష్టంగా చెప్పకుండా 'కొనండి' అనే మాట వాడకూడదని కాలిఫోర్నియా 2024లో చట్టం చేయాల్సి వచ్చింది.

దీని మీద కోపం తెచ్చుకునే హక్కు నాకు పూర్తిగా లేదు. ఒక ప్రాజెక్టులో లైసెన్స్ గడువు చూసే ఫంక్షన్ రాసింది నేనే. అయిదారు లైన్లు. తేదీ దాటితే వీడియో రాదు. టెస్టింగ్‌లో ఒక్క బగ్ కూడా రాలేదని మేనేజర్ మెచ్చుకున్నాడు కూడా. ఆ లైన్లకి అవతల రిమోట్ పట్టుకుని ఎవరో కూర్చుని ఉంటారని ఆరోజు తట్టలేదు.

పోయినేడాది నేను కొన్న ఒక సినిమా నా అకౌంట్లోంచి మాయమైంది. నాన్నకి చూపిద్దామని తెరిస్తే లేదు. "డబ్బులిచ్చి కొన్నావు కదరా, మరి ఏదీ?" అన్నారు. నా దగ్గర జవాబు లేదు.

డిస్కూ శాశ్వతం కాదు. గీతలు పడతాయి, పూత పాడవుతుంది, కొత్త ల్యాప్‌టాప్‌లకి డ్రైవే ఉండదు. అందుకే మొన్న పండక్కి వెళ్ళినప్పుడు బయట పెట్టుకునే డ్రైవ్ ఒకటి కొని పట్టుకెళ్ళి, ఆ మూడు డిస్కులూ హార్డ్‌డిస్క్‌లోకి కాపీ చేశాను. తాళం లేదు కాబట్టి ఎవరినీ అడగక్కర్లేకపోయింది. మూడో డిస్కులోని ఆ గళ్ళు కూడా ఫైల్లోకి వచ్చేశాయి. అక్కడికి రాగానే నాన్న రిమోట్ కోసం చెయ్యి చాచారు.