కామ్‌రేజ్: కాలనీలో వాననీటి కాలువను విస్తరిస్తే ముంపు తప్పుతుందా?

గుజరాత్‌లోని సూరత్ నగరానికి ఈశాన్యంగా, తాపీ నది ఒడ్డున, ముంబయి-అహ్మదాబాద్ జాతీయ రహదారిపై కామ్‌రేజ్ ఉంది. ఒకప్పుడు చెరకు తోటలతో నిండిన ఈ ప్రాంతంలో ఇప్పుడు నివాస కాలనీలు విస్తరిస్తున్నాయి. ఇక్కడ వాననీటి కాలువలను ఏ విధంగా నిర్మిస్తారన్నది స్థానికులకు సంబంధించిన విషయం మాత్రమే కాదు. వేలాది తెలుగు కుటుంబాలు నివసించే సూరత్ నగర వాడలపైనా దాని ప్రభావం పడుతుంది.

పొలం కాలనీగా మారితే ఏమవుతుంది?

ఒక హెక్టారు నేలపై ఒక మిల్లీమీటరు వాన కురిస్తే 10,000 లీటర్ల నీరు చేరుతుంది. 10 హెక్టార్ల స్థలంలో గంటకు 60 మిల్లీమీటర్ల వాన పడితే అది 60 లక్షల లీటర్లు. ఆ స్థలం పొలమై, అందులో 30 శాతం నీరే పైకి పారుతుందనుకుంటే 18 లక్షల లీటర్లు బయటకు వస్తాయి. అదే స్థలంలో మేడలు, సిమెంటు రోడ్లు వచ్చి 80 శాతం నీరు పారితే ఆ పరిమాణం 48 లక్షల లీటర్లకు చేరుతుంది. వాన మారకపోయినా కాలువ మోయవలసిన భారం రెండున్నర రెట్లకు మించి పెరుగుతుంది. పాత పొలం కాలువలు కొత్త కాలనీలకు చాలకపోవడానికి ఇదే ప్రధాన కారణం.

నీరు ఎక్కడికి పోతుంది?

కామ్‌రేజ్ పరిసరాల్లోని కొంత నీరు తాపీ నదిలో కలుస్తుంది. తక్కిన నీటికి ‘ఖాడీలు’ దారి. తెలుగు రాష్ట్రాల్లో వాగు లేదా నాలా అని పిలిచే ప్రవాహాలనే సూరత్‌లో ఖాడీలంటారు. కామ్‌రేజ్, పల్సాణా, బార్డోలీ తాలూకాల వైపు భారీ వర్షం కురిసినప్పుడు ఖాడీలు పొంగి నగరంలోని లింబాయత్, పర్వత్ పాటియా వంటి ప్రాంతాలను ముంచెత్తుతాయి. 2024 జూలైలోనూ, 2025 జూన్‌లోనూ సూరత్‌లో ఖాడీ వరదలు వచ్చాయి.

మరమగ్గాల పనికోసం తెలంగాణ జిల్లాల నుంచి వలస వెళ్లిన పద్మశాలి కుటుంబాలు లింబాయత్ పరిసరాల్లో అధికంగా స్థిరపడ్డాయి. అందువల్ల ఎగువన నిర్మించే కాలువ నీటిని వేగంగా పంపివేస్తే సరిపోదు. ఎగువ కాలనీలో తగ్గిన ముంపు దిగువన మరొకరి ఇంట్లో తేలవచ్చు.

నది నిండినప్పుడు?

2006 ఆగస్టులో ఉకాయ్ జలాశయం నుంచి సుమారు 9 లక్షల క్యూసెక్కుల నీరు విడుదల కావడంతో సూరత్ నగరంలో అధిక భాగం నీట మునిగింది. నదిలో నీటిమట్టం కాలువ ముఖద్వారం కంటే పైకి చేరితే కాలువ నీరు బయటకు పోదు. పైగా నది నీరే కాలువ గుండా వెనక్కి తన్నుకొస్తుంది. దీనిని అరికట్టడానికి ముఖద్వారాల వద్ద తలుపులు అమరుస్తారు. అయితే తలుపులు మూసిన సమయంలో వాన కురిస్తే ఆ నీటిని తోడిపోయడానికి పంపులు, వాటికి నిరంతర విద్యుత్తు అవసరం.

మురుగునీటిని ఎందుకు కలపకూడదు?

వాననీటి కాలువలోకి ఇళ్ల మురుగును వదిలితే పూడిక పేరుకుంటుంది, వరద వచ్చినప్పుడు మురుగు ఇళ్లలోకి చేరుతుంది. 1994లో తాపీ వరద తగ్గిన తరువాత, సెప్టెంబరులో ప్లేగు భయం సూరత్‌ను కుదిపివేసింది. లక్షలాది మంది నగరం విడిచి వెళ్లారు. మరుసటి సంవత్సరం మునిసిపల్ కమిషనర్‌గా వచ్చిన సూర్యదేవర రామచంద్రరావు చేపట్టిన పారిశుధ్య సంస్కరణలు దేశమంతటా గుర్తింపు పొందాయి. 1998లో ఆయనకు పద్మశ్రీ లభించింది.

మురుగు వల్ల కలిగే ముప్పు వరదలకే పరిమితం కాదు. 2021లో కామ్‌రేజ్ తాలూకాలోని కఠోర్‌లో ఒక కాలనీవాసులు కలుషితమైన తాగునీటి వల్ల అస్వస్థులు కాగా, పలువురు మరణించారు. ఇరుకు వీధుల్లో తాగునీటి గొట్టం, మురుగు గొట్టం, వాననీటి కాలువ పక్కపక్కనే ఉంటాయి. కొత్త కాలువకోసం తవ్వేటప్పుడు మిగిలిన రెండింటికీ నష్టం కలగకుండా చూడడం ప్రాణాలకు సంబంధించిన జాగ్రత్త.

కాలనీవాసులు ఏమి అడగాలి?

కేంద్ర గృహనిర్మాణ, పట్టణ వ్యవహారాల మంత్రిత్వ శాఖ 2019లో వాననీటి పారుదల వ్యవస్థలపై మార్గదర్శక సంపుటాన్ని వెలువరించింది. గుజరాత్‌లో అమలులో ఉన్న టౌన్ ప్లానింగ్ పథకాల విధానం ద్వారా ఇళ్లు రాకముందే రోడ్లకు, బహిరంగ స్థలాలకు భూమిని సమీకరించవచ్చు. నిర్మాణాలు పూర్తయిన కాలనీలో కాలువకు స్థలం దొరకడం కష్టం.

పనులు మొదలయ్యే ముందు నాలుగు విషయాలను స్పష్టం చేసుకోవడం మేలు. గంటకు ఎన్ని మిల్లీమీటర్ల వానను దృష్టిలో పెట్టుకొని కాలువ పరిమాణాన్ని నిర్ణయించారు? దాని నీరు చివరకు ఏ ఖాడీలో లేదా నదిలో కలుస్తుంది, అక్కడ నీటిమట్టం పెరిగితే ఏమి చేస్తారు? ఏటా వర్షాకాలానికి ముందు పూడిక తీసే బాధ్యత ఎవరిది? కుంటలు, ఉద్యానవనాలు, ఇంకుడు గుంతల ద్వారా ఎంత నీటిని అక్కడే నిలుపుతారు?

నాలుగో ప్రశ్నను సాధారణంగా ఎవరూ అడగరు. ఎగువన ఇంకిన నీరు ఖాడీకి చేరదు కనుక, దిగువ వాడలకు అత్యంత ముఖ్యమైన ప్రశ్న అదే.