కళాయి పూత

రాగి, ఇత్తడి వంట పాత్రల లోపలి వైపు తగరాన్ని కరిగించి పలుచగా పట్టించే పనిని కళాయి పూత అంటారు. ఇత్తడిలో రాగి, జింకు ఉంటాయి. చింతపండు పులుసో మజ్జిగో అందులో నిలవ ఉంటే రాగి కరిగి పచ్చగా కిలుం పడుతుంది. తిన్నవారికి వికారం, వాంతులు. అందుకే ఇత్తడి గిన్నెకు కళాయి వేయించాకే పొయ్యి మీద పెట్టాలనేది పాత పద్ధతి.

శ్రీకాకుళం జిల్లా సారవకోట మండలంలోని బుడితి ఇత్తడి, కంచు పనికి పేరుపడ్డ ఊరు. ఈ హస్తకళకు భౌగోళిక గుర్తింపు కూడా దక్కింది. అక్కడి కలశాలు, పూజా సామగ్రికి కళాయితో పని లేదు. కంచు కంచాలకూ వేసే ఆనవాయితీ లేదు, ఆ లోహంలో తగరం ముందే ఐదో వంతు దాకా ఉంటుంది. కళాయి అవసరమంతా ఇత్తడి గిన్నెలకు, పెళ్లి వంటల గుండిగలకు.

పనిలో సగం తోమడమే. జిడ్డు, పాత కిలుం పోయేలా ఇసుక, చింతపండు వేసి రుద్దుతారు. తర్వాత గిన్నెను పట్టకారుతో పట్టి, కొలిమి మీద తిప్పుతూ కాచి, లోపల నవాసారం (అమ్మోనియం క్లోరైడ్) పొడి చల్లుతారు. తెల్లటి పొగ గుప్పుమంటుంది. వేడికి ఆ పొడి విడిపోయి వెలువడే ఆమ్ల వాయువు లోహం మీది తుప్పు పొరను తీసేస్తుంది. అప్పుడు తగరం కడ్డీని అడుగున తాకిస్తే చుక్కలుగా కరుగుతుంది. దూది ఉండతో గబగబా చుట్టూ తుడిస్తే లోపలంతా వెండిలా మెరుస్తుంది. తగరం 232 డిగ్రీలకే కరుగుతుంది. వేడి చాలకపోతే ముద్దలు కడుతుంది, మించితే పూత రంగు చెడుతుంది. చేయి తిరగనివారు ఇంట్లో ప్రయత్నించకపోవడమే మంచిది, ఆ పొగ ఊపిరికి చెరుపు.

  

కళాయి గిన్నెను ఖాళీగా మంట మీద ఉంచినా, స్టీలు గరిటెతో గీకినా పూత పోతుంది. చెక్క గరిటె వాడాలి. అడుగున ఎర్రటి రాగి గానీ పసుపు రంగు ఇత్తడి గానీ బయటపడితే మళ్లీ వేయించాలి.

అసలు భయం సీసంతో. అది తగరం కన్నా చవక కాబట్టి కల్తీ చేస్తారు. కడ్డీని కాగితం మీద గీసి చూడండి, నల్లని గీత పడితే అనుమానించండి. తగరం కడ్డీ వంచితే కిరకిరమంటుంది కూడా. సీసం కలిసిన కళాయి వేయించడం కన్నా గిన్నెను అటక మీద ఉంచడమే మేలు.