ముగ్గురమ్మల సూర్యగృహం

సంక్రాంతి వెళ్ళిన రెండో రోజున, రాత్రి పదిన్నరకి న్యూజెర్సీ నుంచి మా చెల్లెలి ఫోను. ఇంత పొద్దుపోయాక ఏం కొంప మునిగిందోనని కంగారుపడ్డాను. మునగడం కాదట, కొంప కొనడం!

"అక్కా, రెండిళ్ళు చూశాం. ఏది బాగుందో నువ్వే చెప్పాలి" అంటూ ఫోనులోనే రెండిళ్ళూ తిప్పి చూపించింది. మొదటిది రైలు స్టేషనుకి దగ్గర. పాతది, చిన్నది, మూడు పడగ్గదులు. రెండోది ఊరికి దూరంగా కొత్తగా వెలసిన కాలనీలో. అయిదు పడగ్గదులు, రెండంతస్తుల ఎత్తు హాలు, ఆ హాలుకి ఒకవైపు గోడే లేదు, నిలువెత్తు అద్దం. అద్దం అవతల మోకాలిలోతు మంచు. ఇంతకీ ఆ ఇంట్లో ఉండబోయేది ముగ్గురు. అదీ, మా మరిదిగారూ, ఎనిమిదేళ్ళ పిల్లా.

"తూర్పు వాకిలి దేనికే?" అంది నా వెనకనుంచి అమ్మ.

"రెండోదానికే అమ్మా!"

"ఇంకేం మరి, అదే తీసుకోండి."

నా బుద్ధి మాత్రం ఇంకోవైపు పోయింది. "అంత ఎత్తు హాలు, అంత అద్దం... చలికాలం దాన్ని వెచ్చబెట్టడానికి నెలకి ఎంతవుతుందే?" అన్నాను.

అటునుంచి కాసేపు మాట లేదు. "ఏమో, అడగలేదు. ఇక్కడ అందరి ఇళ్ళూ ఇంతే అక్కా" అంది చివరికి.

అందరి ఇళ్ళూ ఇంతే! ఆ మాట పట్టుకుని ఆ రాత్రి నిద్రపోలేదు నేను. అమెరికాలో అందరి ఇళ్ళూ అలా ఎప్పటినుంచి అయ్యాయి? ఇంకోలా అయ్యే వీలే లేకపోయిందా? లేకేం, ఉండేది. ఆ కథలో ముగ్గురు ఆడవాళ్ళున్నారు. అందుకే మీకు చెప్పాలనిపించింది.

రెండో ప్రపంచయుద్ధం 1945లో ముగిసింది. లక్షలాది సిపాయిలు ఇళ్ళకి తిరిగొచ్చారు. రాగానే పెళ్ళిళ్ళు, ఏడాది తిరక్కుండా పిల్లలు. ఉండడానికి ఇళ్ళేవీ? అత్తవారింట్లో ఒక గదిలో, చుట్టాలింట్లో వరండాలో సర్దుకున్న జంటలు కోకొల్లలు. తిరిగొచ్చిన సిపాయిలకి ఇంటి అప్పు తేలిగ్గా దొరికేలా 1944లోనే ప్రభుత్వం చట్టం చేసి పెట్టింది. ఇంకేం కావాలి? లెవిట్ అనే ఇళ్ళ వ్యాపారుల కుటుంబం న్యూయార్కు నగరానికి తూర్పున లాంగ్ ఐలండులో బంగాళాదుంపల పొలాలు కొని, 1947లో పని మొదలుపెట్టింది. ఒక ముఠా నేల పోసి వెళ్తే, ఇంకో ముఠా గోడలు నిలబెట్టి వెళ్ళేది, మరో ముఠా రంగు వేసేది. పని జోరుమీదున్న రోజుల్లో దినానికి ముప్ఫైకి పైగా ఇళ్ళు లేచాయి. మనింట్లో అప్పడాలు కూడా అంత చురుగ్గా ఒత్తలేం. 1951 నాటికి పదిహేడు వేల ఇళ్ళు దాటి, అదే లెవిట్ టౌన్ అయింది.

మొదటి ఇళ్ళు నిజానికి చిన్నవే, 750 చదరపు అడుగులు. 1949లో వచ్చిన కొత్తరకం ఇల్లు 7,990 డాలర్లు. బట్టలుతికే యంత్రం ఇంటితోపాటే ఇచ్చేవారు. చంటిపిల్లల తల్లులు ఆ ఒక్క మాటకే మురిసిపోయి ఉంటారు. నేనైనా మురిసేదాన్నే. కాకపోతే నల్లజాతి వాళ్ళకి మాత్రం ఆ ఇళ్ళు అమ్మేవారు కాదు. మా చెల్లెలన్న "అందరి" ఇళ్ళు మొదట్లో అందరివీ కావన్నమాట!

ఇంటిని వెచ్చబెట్టేది నేలకింద గొట్టాల్లో పారే వేణ్ణీళ్ళు. ఆ నీళ్ళు కాచేది చమురు. చమురేమో కారుచౌక. కాబట్టి ఇల్లు వీధి ఎటుంటే అటు తిరిగి కూర్చుంది. సూర్యుడు ఎటునుంచి వస్తాడో, చలిగాలి ఎటునుంచి కొడుతుందో చూడాల్సిన అవసరం ఎవరికీ కనబడలేదు. ఏం తక్కువైనా చమురే సర్దుకుంటుంది కదా!

సరిగ్గా ఆ రోజుల్లోనే, బోస్టన్ నగర శివారులో డోవర్ అనే చిన్న ఊళ్ళో ఇంకొక ఇల్లు లేచింది.

మారియా టెల్కెస్ అనే ఆవిడ హంగరీలో 1900లో పుట్టి, చదువుకుని, అమెరికా వలసవచ్చిన శాస్త్రజ్ఞురాలు. యుద్ధకాలంలో సముద్రం మీద చిక్కుబడిన నావికులు ఎండతోనే ఉప్పునీటిని మంచినీరు చేసుకునే చిన్న సాధనం తయారుచేసింది. తర్వాత ఆవిడ దృష్టి ఇంటిమీద పడింది. పైనుంచి ఊరికే పడుతున్న ఎండతో ఇల్లు ఎందుకు వెచ్చబెట్టుకోకూడదని ఆవిడ ప్రశ్న. ఆ ప్రశ్నకి ఇల్లు రూపం ఇవ్వడానికి ఎలినార్ రేమండ్ అనే వాస్తుశిల్పి ముందుకొచ్చింది. అప్పటికి ఆవిడకి అరవై దాటాయి. డబ్బు, స్థలం ఇచ్చింది అమీలియా పీబాడీ. ఆవిడ ధనవంతురాలు, పైగా శిల్పాలు చెక్కేది. ముగ్గురూ పెళ్ళి మాట తలపెట్టనివాళ్ళే. సంసారం తెలియని వాళ్ళు కట్టిన ఇల్లని నవ్వకండి, ఆ ఇంట్లో కాపురానికి దిగింది మాత్రం భార్యాభర్తలూ, మూడేళ్ళ బాబూ. ఆ భర్త టెల్కెస్ కి బంధువు. 1948లో క్రిస్మస్ ముందురోజున సామానుతో సహా చేరారు. ఎముకలు కొరికే చలిలో, చమురు పొయ్యి అనేదే లేని ఇంట్లోకి!

ఇంటి పైభాగమంతా దక్షిణం వైపు పద్ధెనిమిది పెద్ద అద్దాల వరస. అక్కడ చలికాలం సూర్యుడు దక్షిణానే వాలి తిరుగుతాడు మరి. అద్దాల వెనక నల్లరంగు వేసిన రేకులు. ఎండకి రేకులు కాలి, వాటి వెనకున్న గాలి వేడెక్కేది. ఆ వేడిగాలిని పంకాలు గదుల మధ్య కట్టిన అరల్లోకి తోసేవి. ఆ అరల్లోనే ఉంది అసలు కిటుకు. పీపాలనిండా ఇరవయ్యొక్క టన్నుల గ్లాబర్ ఉప్పు. ఇది కూరలో వేసే ఉప్పు కాదు, సోడియం సల్ఫేటు.

మనకి ఈ కిటుకు వంటింట్లోనే తెలుసు. పేరుకున్న నేతిగిన్నె పొయ్యి పక్కన పెడితే కరుగుతుంది, చలికి మళ్ళీ పేరుకుంటుంది. కరిగేటప్పుడు వేడిని లోపలికి తీసుకుంటుంది, పేరుకునేటప్పుడు తిరిగి ఇచ్చేస్తుంది. ఈ ఉప్పూ అంతే. 32 డిగ్రీల దగ్గర కరుగుతుంది. పగలు కరిగి వేడి దాచుకుని, రాత్రి పేరుకుంటూ ఆ వేడి గదులకి ఇచ్చేది. పదిరోజులు ఎండ మొహం చూడకపోయినా ఇల్లు వెచ్చగా ఉండాలని టెల్కెస్ లెక్క.

మొదటి చలికాలం గడిచింది. ఇల్లు వెచ్చగానే ఉంది. 1949 మార్చిలో ఒక ప్రసిద్ధ విజ్ఞాన పత్రిక ఆ ఇంటిని ముఖచిత్రంగా వేసింది. చూసిపోవడానికి జనం బారులు తీరారు. పాపం, ఆ ఇల్లాలికి ఎన్నిసార్లు ఇల్లు సర్దుకోవలసి వచ్చిందో!

కానీ ఆ సంబరం ఎక్కువకాలం నిలవలేదు. మూడో చలికాలానికి ఉప్పు మొండికేసింది. నిలవున్న మజ్జిగలో నీళ్ళు పైకి తేలినట్టు, పీపాల్లో ఉప్పు కిందికీ నీరు పైకీ విడిపోయాయి. పీపాలు తుప్పుపట్టి కారసాగాయి. చలికి ఆగలేక చివరికి ఆ ఇంట్లోకీ మామూలు పొయ్యి వచ్చింది. నవ్వినవాళ్ళు నవ్వారు. టెల్కెస్ మాత్రం పట్టు వదల్లేదు. తర్వాత ఎండతో వంట వండే పొయ్యి చేసింది. ఎనభయ్యో పడిలో పడుతూ కూడా సూర్యగృహాల పనిలోనే ఉంది. 1995లో, పుట్టిన బుడాపెస్టు నగరంలోనే కన్నుమూసింది.

ఉప్పు ఓడిపోయింది, నిజమే. అయితే ఆ ముగ్గురూ వేసిన ప్రశ్న ఓడిపోలేదు. జనవరి అర్ధరాత్రి ఈ ఇల్లు ఎలా ఉంటుందీ అని వాళ్ళు ముందే అడిగి, తర్వాత గోడ లేపారు. లెవిట్ పద్ధతిలో అడిగేది ఒకటే: కొనేరోజున ఈ ఇల్లు ఎలా కనబడుతుందీ అని. దేశమంతా ఆ రెండో ప్రశ్న వెంటే నడిచింది.

1973 అక్టోబరులో అరబ్బు దేశాలు చమురు ఆపేసేదాకా ఎవరికీ మొదటి ప్రశ్న గుర్తు రాలేదు. పీపా మూడు డాలర్లున్న చమురు నాలుగు నెలల్లో పన్నెండుకి దగ్గరపడింది. 1977 ఫిబ్రవరిలో అధ్యక్షుడు కార్టర్ స్వెట్టరు వేసుకుని టీవీలో కూర్చుని, పగలు 18 డిగ్రీలు, రాత్రి 13 డిగ్రీలు దాటకుండా ఇంటిని వెచ్చబెట్టుకోండని బతిమాలాడు. 1979లో వైట్ హౌస్ కప్పుమీద ఎండతో నీళ్ళు కాచే పలకలు పెట్టించాడు. 1986లో, ఇంకో అధ్యక్షుడి హయాంలో, కప్పు మరమ్మతంటూ వాటిని దింపి మళ్ళీ పెట్టలేదు.

ఆ మధ్యలోనే 1977లో కెనడాలోని రెజీనా అనే ఊళ్ళో పరిశోధకులు ఒక ఇల్లు కట్టారు. అక్కడి చలి ముందు బోస్టన్ చలి బలాదూర్. ఆ ఇంటికీ వేరే పొయ్యి లేదు. మందపాటి గోడలు, వాటినిండా వేడిని ఆపే దూది లాంటి కూరుడు, గాలి దూరే సందు లేకుండా బిగించిన తలుపులు. ఇల్లే ఫ్లాస్కన్నమాట. సూర్యపలకలు దానిమీదా పెట్టారు కానీ, అసలు పని గోడలే చేశాయని తేలింది. టెల్కెస్ ఇంటికి కావలసిన పాఠం ఇదే కాబోలు. కుండలో ఎక్కువ నీళ్ళు పోయడం కంటే, ముందు కుండకున్న చిల్లు మూయాలి.

మరి ఆ చిల్లులు మూశారా అంటే, మూశారు. అమెరికాలో ఇళ్ళ గోడలు, కిటికీలు, పొయ్యిలు అన్నీ మెరుగయ్యాయి. కాని లాభం ఎటు పోయిందో వినండి. 1973లో కొత్త ఇల్లు సగటున 1,660 చదరపు అడుగులు. 2015 నాటికి 2,600 దాటింది. ఇంట్లో మనుషులేమో తగ్గారు. 2000 తర్వాత కట్టిన ఇళ్ళు పాతవాటికంటే 30 శాతం పెద్దవనీ, వాడే శక్తి మాత్రం ఇంచుమించు అంతేననీ 2013లో అక్కడి ప్రభుత్వ శక్తి గణాంకశాఖే లెక్క చెప్పింది. అంటే మెరుగైన గోడలు మిగిల్చినదంతా అదనపు గదులు తినేశాయి. జీతం పెరిగిన నెలనుంచే చీటీ కట్టడం మొదలెట్టి, మళ్ళీ చేతిలో ఏమీ మిగలని సంసారంలాగా.

ఇంత చెప్పే నేను ఏం ఉద్ధరించానని అడక్కండి. హైదరాబాదు శివారులో మేం ఇల్లు కట్టుకున్నప్పుడు, ముందుగది అందంగా ఉండాలని పడమటివైపు పెద్ద అద్దం పెట్టించింది నేనే. మావారు వద్దన్నారు. వింటేగా! ఏప్రిల్ వచ్చిందంటే మధ్యాహ్నం మూడు తర్వాత ఆ గదిలో కూర్చోలేం. మందపాటి తెర వేసి, ఏసీ పెట్టి, పట్టపగలు దీపం వేసుకుని కూర్చుంటాం. మా అమ్మమ్మగారి మండువాలోగిట్లో వసారా కప్పు ఎంత కిందికి వాలి ఉండేదో, ఎండ గోడని ఎందుకు తాకేది కాదో చిన్నప్పుడు చూసినదాన్నే. ఆ ఇంట్లో పెరిగి కూడా నేను అడిగింది 'అద్దం ఎలా కనబడుతుంది?' అనే. మనకీ 2018లో కేంద్రప్రభుత్వం 'ఎకో నివాస్ సంహిత' అని ఇళ్ళకోసం నియమావళి తెచ్చింది. గోడ ఎంత వేడిని లోపలికి రానివ్వాలో, కిటికీలు ఎంత ఉండాలో అందులో చెప్పారు. ఇల్లు కొనేటప్పుడు వాస్తు పుస్తకం తిరగేసే మనం దాన్నీ ఒకసారి తిరగేస్తే తప్పేముంది?

అందుకే మర్నాడు చెల్లెలికి ఫోను చేసి ఒక్కటే చెప్పాను. "ఏ ఇల్లు కొంటారో మీ ఇష్టమే. రెండిళ్ళవాళ్ళనీ కిందటేడాది చలికాలం బిల్లులు మాత్రం అడుగు."

వారం తర్వాత తనే ఫోను చేసింది.

"అడిగానక్కా. రెండోదానికి మొదటిదానికంటే రెండింతలకి పైనే అవుతోంది. మళ్ళీ ఆలోచిస్తున్నాం."

"అడిగితే ఏమన్నారు?"

"ఆ ఇళ్ళు చూపించే అమ్మాయి నావైపు వింతగా చూసింది. ఇన్నేళ్ళలో ఈ ప్రశ్న ఎవ్వరూ అడగలేదంది."